చూడకుండానే మొలలు అనుకోవద్దు

మలంలో రక్తం కనబడితే మన ఇళ్లలో మొదట ఎవరూ నోరు విప్పరు. భర్త భార్యకు చెప్పడు, తల్లి కొడుక్కి చెప్పదు. నాలుగు రోజులు చూసి, ఒంట్లో వేడి చేసిందని తమకు తామే తేల్చుకుంటారు. ఆవకాయ, కోడికూర మానేస్తారు. మజ్జిగ ఎక్కువ తాగుతారు, సబ్జా గింజలు నానబెట్టుకుంటారు. రక్తం ఆగుతుంది. నెలకో రెండు నెలలకో మళ్లీ కనబడుతుంది. ఈసారి మందుల షాపులో అడిగితే ఒక ఆయింట్‌మెంటు ఇస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా, పక్క పట్నంలో మూలశంకకు గ్యారంటీ వైద్యం అని బోర్డు పెట్టుకున్న గదికి వెళ్లినా చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: మొలలు. ఆ మాట చెప్పినవారిలో లోపలికి చూసినవారు మాత్రం ఒక్కరూ ఉండకపోవచ్చు.

ఆ ఊహ ఎక్కువసార్లు నిజమే అవుతుంది. మలద్వారం నుంచి రక్తం పడేవారిలో ఎక్కువమందికి ఉండేది మొలలో, అక్కడి చర్మం చీలడమో. కాబట్టి ఇది చదివి ఎవరూ నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. కానీ పదిసార్లు నిజమైన ఊహను పదకొండోసారి ఎవరూ అనుమానించరు. ఆ పదకొండో మనిషికి ఏడాదో రెండేళ్లో ఆయింట్‌మెంట్లతోనే గడిచిపోతాయి. పైగా మొలలు ఉన్నవారికి పెద్దపేగు కాన్సర్ రాదన్న నియమమేమీ లేదు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. మొలలు ఉన్నాయని తెలిశాక కూడా పైన ఇంకేమైనా ఉందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికి జవాబు చెప్పగలిగేది పరీక్ష ఒక్కటే.

పెద్దపేగు సుమారు అయిదడుగుల గొట్టం. పొట్ట కుడివైపు అడుగున, అపెండిక్స్ ఉండే చోట మొదలవుతుంది. కాలేయం కింది దాకా పైకి వెళ్లి, అడ్డంగా ఎడమవైపుకు సాగి, ప్లీహం దగ్గర కిందికి దిగి, ఒక మెలిక తిరిగి, చివరి ఆరంగుళాల పురీషనాళంగా మలద్వారాన్ని చేరుతుంది. దీని లోపలి పొర మన శరీరంలో అతి వేగంగా కొత్తదనం తెచ్చుకునే కణజాలాల్లో ఒకటి. ఆ పొర నిండా కంటికి కనిపించనంత చిన్న గుంటలు లక్షల సంఖ్యలో ఉంటాయి. ప్రతి గుంట అడుగున ఉండే మూలకణాలు విడిపోతూనే ఉంటాయి. అక్కడ పుట్టిన కణం పైకి జరుగుతూ వచ్చి, నాలుగైదు రోజుల్లో రాలిపోతుంది. కణం విడిపోయిన ప్రతిసారీ దానిలోని డీఎన్ఏ మొత్తానికి నకలు తీయాలి. ఇంత రాతలో ఎక్కడో ఒకచోట తప్పు దొర్లుతుంది. చాలా తప్పులను కణమే దిద్దుకుంటుంది. దిద్దకుండా మిగిలిపోయినవాటిలో కొన్ని కీలకమైన చోట పడతాయి.

ఆ కీలకమైన చోట్లలో మొదటిది ఏపీసీ అనే జన్యువు. కణం ఎప్పుడు విడిపోవడం ఆపాలో చెప్పే యంత్రాంగంలో ఇదొక భాగం. ఇది పాడైన కణం రాలిపోవలసిన సమయానికి రాలకుండా అక్కడే పెరిగి, పేగు లోపలి గోడ మీద పుట్టగొడుగులా చిన్న బుడిపెగా పైకి లేస్తుంది. దాన్ని పాలిప్ అంటారు. ఈ దశలో అది కాన్సర్ కాదు. తర్వాత కేరాస్ అనే జన్యువులో మార్పు వస్తే బుడిపె పెద్దదవుతుంది. చివరికి పీ53 అనే కాపలా జన్యువు కూడా చెడితే కణాలు పక్క పొరల్లోకి చొచ్చుకుపోవడం మొదలుపెడతాయి. 1990లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ ఫియరాన్, బెర్ట్ వోగెల్‌స్టైన్ ఈ మెట్ల వరసను వివరిస్తూ రాసిన వ్యాసం కాన్సర్ శాస్త్రంలో ఒక మలుపు. ఒక కణం ఒక్క రాత్రిలో పిచ్చెక్కి కాన్సర్ అయిపోదని, మెట్టు మెట్టుగా ఏళ్ల తరబడి అటువైపు నడుస్తుందని అది స్పష్టం చేసింది.

ఆ నడకకు సాధారణంగా పదేళ్లు, కొందరిలో ఇంకా ఎక్కువ పడుతుంది. చాలా పాలిప్‌లు కాన్సర్ దాకా వెళ్లనే వెళ్లవు. వెళ్లేవి కొన్నే అయినా, ఏది వెళ్తుందో చూపుతో చెప్పలేం కాబట్టి కనబడినదాన్ని కనబడినట్టు తీసేస్తారు. ఊపిరితిత్తులకో క్లోమానికో వచ్చే కాన్సర్లతో పోల్చి చూస్తే ఇది ఎంత పెద్ద వెసులుబాటో అర్థమవుతుంది. ఇంత నెమ్మదిగా, ఇంత అందుబాటులో ఉన్న గొట్టంలో, కాన్సర్ కాకముందే కత్తిరించి పారేయగల రూపంలో పెరిగే రోగాలు వైద్యంలో అరుదు. ఇలాంటి రోగంతో మనుషులు చనిపోతుంటే నాకు బాధ కలిగేది ఇందుకే.

పాలిప్ దశ దాటాక లెక్క మారుతుంది. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో కత్బర్ట్ డ్యూక్స్ అనే పాథాలజిస్టు, శస్త్రచికిత్సలో తీసిన పురీషనాళాలను ఏళ్ల తరబడి కోసి చూసి, 1932లో ఒక విభజన ప్రతిపాదించాడు. కణితి పేగు గోడలోనే ఉంటే ఏ, గోడ దాటితే బీ, దగ్గరి లింఫు గ్రంథులకు చేరితే సీ. రోగి ఎన్నాళ్లు బతుకుతాడన్నది కణితి ఎంత పెద్దదన్నదాని కంటే ఎంత లోతుకు, ఎంత దూరం వెళ్లిందన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుందని ఆయన చూపించాడు. ఇప్పుడు వైద్యులు వాడే స్టేజీలు ఇంకా వివరమైనవే అయినా వాటి మూలసూత్రం అదే. నేటి అమెరికా లెక్కల ప్రకారం కాన్సర్ పేగుకే పరిమితమై ఉండగా దొరికినవారిలో నూటికి 90 మంది అయిదేళ్ల తర్వాతా ఉంటున్నారు. చుట్టుపక్కల గ్రంథులకు పాకాక దొరికితే 70 పైచిలుకు. కాలేయానికో ఊపిరితిత్తులకో చేరాక దొరికితే 15 దరిదాపు. మొదటి స్టేజిలో సాధారణంగా ఆపరేషన్ ఒక్కటే చాలు, కీమోథెరపీ అక్కర్లేదు. మూడో స్టేజిలో ఆపరేషన్ తర్వాత కీమో తప్పదు. ఆ కీమోలో ఫ్లోరోయురాసిల్‌తో పాటు ఇప్పటికీ వాడే ల్యూకోవోరిన్ ఫోలిక్ ఆమ్లం నుంచి వచ్చిన మందు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ బృందానికి నాయకుడు మన యెల్లాప్రగడ సుబ్బారావు.

ఇక లక్షణాల సంగతి. పెద్దపేగులో కణితి ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి అది ఇచ్చే సూచన మారుతుంది. ఇది తెలియకపోవడం వల్లే చాలామంది తమకు లక్షణాలే లేవనుకుంటారు.

పురీషనాళంలో ఉంటే రక్తం ఎర్రగా, మలం మీద చారలా కనబడుతుంది, లేదా జిగురుతో కలిసి వస్తుంది. మొలల రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది. అందుకే రంగు చూసి రెండింటినీ విడదీయడం వైద్యుడికైనా సాధ్యం కాదు. దీనికి తోడు, వెళ్లొచ్చాక కూడా ఇంకా ఏదో మిగిలిపోయినట్టు, మళ్లీ వెళ్లాలన్నట్టు ఉంటుంది. రోజుకు అయిదారుసార్లు వెళ్లినా జిగురూ రక్తమూ తప్ప ఏమీ రాదు. దీన్ని జిగట విరేచనాలనుకుని, అమీబా అనుకుని మెట్రోనిడజోల్ మాత్రలు కోర్సు మీద కోర్సు వాడేవారు మన దగ్గర ఎందరో.

ఎడమవైపు పేగు సన్నగా ఉంటుంది, అక్కడికి వచ్చేసరికి మలం గట్టిపడి ఉంటుంది. అక్కడి కణితి దారికి అడ్డుపడుతుంది. ఏళ్ల తరబడి రోజూ ఒకే వేళకు సాఫీగా వెళ్లే మనిషికి ఉన్నట్టుండి మలబద్ధకం, తర్వాత విరేచనాలు, మళ్లీ మలబద్ధకం. మలం సన్నగా రావడం. పొట్ట ఉబ్బి, మెలిపెట్టినట్టు నొప్పి. ఇలాంటి మార్పు మూడు, నాలుగు వారాలు దాటినా సర్దుకోకపోతే దానికి కారణం వెతకాలి. త్రిఫల చూర్ణంతో సరిపెట్టుకోకూడదు.

కుడివైపు కణితి అన్నిటికంటే గుట్టుగా ఉంటుంది. అక్కడ పేగు వెడల్పు, లోపల ఉండేది ద్రవం. కణితి పెరిగినా అంత త్వరగా దారి మూసుకుపోదు. రోజూ కొద్దికొద్దిగా రక్తం కారుతుంది, అది మలంలో కలిసిపోయి కంటికి కనబడదు. మనిషికి తెలిసేదల్లా నీరసం. మేడమెట్లు ఎక్కితే ఆయాసం, ముఖం పాలిపోవడం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఎనిమిదో తొమ్మిదో ఉంటుంది. ఇక్కడే మన దేశానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఇంత మామూలుగా కనిపించే సమస్య ఎదురైతే వైద్యుడి చెయ్యి దానంతటదే ఐరన్ మాత్రల పేరు రాస్తుంది. నెలసరి వచ్చే వయసు స్త్రీ విషయంలో అది సబబే కావచ్చు. కానీ 55 ఏళ్ల మగమనిషికి, నెలసరి ఆగిపోయిన స్త్రీకి ఐరన్ ఎందుకు తగ్గింది? తిండి సరిపోక అనుకునే ముందు రక్తం ఎక్కడైనా పోతోందేమో చూడాలి. ఇలాంటివారికి పైనుంచి ఎండోస్కోపీ, కిందినుంచి కొలనోస్కోపీ రెండూ చేయాలన్నది అంతర్జాతీయంగా వైద్యులు పాటించే పద్ధతి. ఐరన్ మాత్రలతో హిమోగ్లోబిన్ పదకొండుకు చేరిందని సంతోషించి ఊరుకుంటే లోపల కారేది కారుతూనే ఉంటుంది.

ఒక చిన్న జాగ్రత్త. ఐరన్ మాత్రలు వేసుకుంటే మలం నల్లబడుతుంది. బీట్‌రూట్, ఎర్ర డ్రాగన్ ఫ్రూట్ తిన్న మర్నాడు ఎర్రగా రావచ్చు. తిన్నదేమిటో గుర్తుచేసుకుని కంగారు తగ్గించుకోవచ్చు. కానీ ముందు చూసే అలవాటు ఉండాలి కదా. మనలో చాలామంది చూడకుండానే నీళ్లు పోసేస్తారు. చెంబు పట్టుకుని చేనుగట్టుకు వెళ్లే పెద్దవాళ్లకు అసలు కనబడే అవకాశమే తక్కువ.

ఈ కబుర్లన్నీ ముసలివాళ్లకే అనుకుంటే పొరపాటు. ‘బ్లాక్ పాంథర్’ సినిమాలో వేసిన చాడ్విక్ బోస్‌మన్‌కు 2016లో మూడో స్టేజిలో పెద్దపేగు కాన్సర్ బయటపడింది. 2020 ఆగస్టులో చనిపోయేనాటికి ఆయనకు 43 ఏళ్లు. బ్రిటన్‌లో డెబొరా జేమ్స్ అనే ఉప ప్రధానోపాధ్యాయురాలికి అదే 2016లో, 35వ ఏట, ఈ రోగం నిర్ధారణ అయింది. ఆమె శాకాహారి. రోజూ పరిగెత్తే మనిషి. తర్వాత ఆమె బీబీసీలో పాడ్‌కాస్ట్ చేస్తూ, మలాన్ని గమనించుకోండని సిగ్గుపడకుండా దేశానికంతటికీ చెప్పింది. 2022 జూన్‌లో, 40 ఏళ్లకు చనిపోయింది. మాంసం ముట్టని ఇంట్లో ఇది రాదని ధీమాగా ఉండేవారికి ఆమె కథ తెలియాలి. నిల్వచేసిన మాంసం, పొగాకు, మద్యం, స్థూలకాయం, కదలకుండా కూర్చునే జీవితం ఇవన్నీ ముప్పును పెంచే మాట నిజం. వీటిలో ఏదీ లేనివారికి అసలు రాదన్నది మాత్రం నిజం కాదు.

2023లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, 50 ఏళ్ల లోపే ఈ కాన్సర్ బారిన పడిన అయిదు వేల మందికి పైగా బీమా రికార్డులను వెనక్కి తిప్పి చూశారు. రోగం బయటపడటానికి మూడు నెలల నుంచి రెండేళ్ల ముందే వాళ్లు వైద్యుడికి చెప్పుకున్న నాలుగు విషయాలు పైకి తేలాయి: కడుపునొప్పి, మలద్వారం నుంచి రక్తం, విరేచనాలు, ఐరన్ లోపం వల్ల వచ్చిన రక్తహీనత. వీటిలో ఒకటి ఉంటే ముప్పు సుమారు రెండింతలు, రెండు ఉంటే మూడున్నర రెట్లు, మూడు గానీ అంతకు మించి గానీ ఉంటే ఆరున్నర రెట్లు. రెండేళ్లంటే ఎంత కాలమో ఆలోచించండి. వాళ్లు తమ బాధను దాచుకోలేదు. వైద్యుడి ముందు కూర్చుని చెప్పుకున్నారు. ఇంత చిన్న వయసులో ఇదేమిటన్న నమ్మకం రోగికీ వైద్యుడికీ మధ్య అడ్డుగా నిలబడింది.

మన దేశంలో ఈ కాన్సర్ పశ్చిమ దేశాలంత ఎక్కువ కాదు. అక్కడ ఏటా లక్షమందికి ముప్పై పైచిలుకు కేసులు వస్తే మన దగ్గర వచ్చేవి అందులో చిన్న వంతు మాత్రమే. కానీ ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వంటి చోట్ల వైద్యులు గమనించిందేమిటంటే, మన రోగుల్లో 50 లోపువారి వాటా చాలా ఎక్కువ, కణితి పురీషనాళంలో ఉండటం ఎక్కువ, వచ్చేసరికే ముదిరి ఉండటం ఎక్కువ. ఆ మధ్యమాట మీద కాసేపు ఆగాలి. పురీషనాళంలో ఉండటం ఎక్కువ అంటే, ఎంతోమందిలో కణితి వైద్యుడి వేలికి అందేంత దగ్గరలోనే ఉందన్నమాట.

ఆ పరీక్షకు యంత్రం అక్కర్లేదు. చేతికి తొడుగు, కాస్త జెల్లీ, ఒక నిమిషం. రోగి ఎడమవైపుకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకుంటే వైద్యుడు చూపుడువేలితో లోపలి గోడను తడిమి చూస్తాడు. మూడంగుళాల దాకా అందుతుంది. గట్టిగా, గరుకుగా తగిలేది ఏదైనా ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ఇంత సులువైన పరీక్ష జరగకపోవడానికి కారణం రోగి సిగ్గు, వైద్యుడి మొహమాటం, కిక్కిరిసిన ఓపీ. రక్తం పడుతోందని వెళ్లినప్పుడు వైద్యుడు పరీక్షించకుండానే మందులు రాస్తుంటే, ‘ఒకసారి చూడండి డాక్టరుగారూ’ అని అడగడం మర్యాద తప్పడం కాదు. స్త్రీలు లేడీ డాక్టరు కావాలని అడగవచ్చు, తోడు మనిషిని గదిలో ఉంచుకోవచ్చు. వేలికి ఏమీ తగల్లేదంటే ఆ మూడంగుళాల్లో ఏమీ లేదని మాత్రమే అర్థం. మిగిలిన పేగు మిగిలే ఉంది.

రెండో మెట్టు మలపరీక్ష. పాతకాలపు పరీక్షలో గుయాకం అనే చెట్టు జిగురు పూసిన కాగితం మీద మలం రాసి రసాయనం చుక్క వేస్తే, రక్తం ఉంటే నీలంగా మారేది. మాంసం తిన్నా తప్పుడు ఫలితం వచ్చేది కాబట్టి పథ్యం ఉండాల్సి వచ్చేది. అంత మొరటు పరీక్షే అయినా, అమెరికాలోని మిన్నెసోటాలో 46,551 మంది మీద జరిపిన అధ్యయనంలో, ఏటా ఆ పరీక్ష చేయించుకున్నవారిలో ఈ కాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయని 1993లో తేలింది. ఇప్పుడు దాని స్థానంలో ఫిట్ అనే పరీక్ష వచ్చింది. ఇది మనిషి రక్తంలోని గ్లోబిన్‌ను మాత్రమే పట్టుకుంటుంది, పథ్యం అక్కర్లేదు. ఇంట్లోనే పుల్లతో కొద్దిగా తీసి సీసాలో వేసి ఇస్తే చాలు. బ్రిటన్‌లో 2023 నుంచి, లక్షణాలతో వచ్చినవారికి కూడా ముందు ఈ పరీక్ష చేసి, గ్రాము మలంలో 10 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ హిమోగ్లోబిన్ ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపమని మార్గదర్శకాలు చెబుతున్నాయి. కంటికి కనబడేంత రక్తం పదేపదే పడుతున్న మనిషిని మాత్రం ఫిట్ దగ్గర ఆపి ప్రయోజనం లేదు. ఆ పరీక్ష చెప్పేది రక్తం ఉందా లేదా అనే. అది ఎక్కడి నుంచి వస్తోందో చూడాలంటే కొలనోస్కోపీయే చేయాలి. ఫిట్‌లో ఏమీ లేదని వచ్చినా లక్షణాలు ఆగకపోతే అప్పుడూ అదే దారి.

కొలనోస్కోపీ వెనక మన దేశస్థుడి చెయ్యి ఉంది. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి, సన్నని గాజుతీగల కట్ట గుండా ఒక బొమ్మను ఒక కొస నుంచి మరో కొసకు పంపవచ్చని 1954లో చూపించాడు. కట్ట వంగినా బొమ్మ చెదరదు. ఆ సూత్రంతో 1957లో మిషిగన్‌లో బేసిల్ హిర్షోవిట్జ్ వంగే ఎండోస్కోప్ తయారుచేశాడు. అప్పటిదాకా పేగులో లోతుగా ఉన్న పాలిప్ తీయాలంటే పొట్ట కోయడమే దారి. 1969లో న్యూయార్క్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో విలియం వుల్ఫ్, జపాన్ నుంచి వచ్చిన హిరోమి షిన్యా, గొట్టం లోపలి నుంచి తీగ ఉచ్చు పంపి, పాలిప్ కాడకు బిగించి, కరెంటుతో కోసి బయటికి తెచ్చారు. పొట్ట మీద గాటు పడలేదు. రోగాన్ని కనిపెట్టే పరికరమే రోగాన్ని రాకుండా ఆపే పరికరం కావడం అక్కడ మొదలైంది.

ఈ పరీక్ష పేరు వింటేనే భయపడేవారికి జరిగేదేమిటో చెబుతాను. ముందురోజు ఆకుకూరలు, గింజలున్న కాయలు, పొట్టు పప్పులు మానేసి ఇడ్లీ, పెరుగన్నం లాంటివి తినమంటారు. ఎర్రరంగు పానీయాలు వద్దంటారు, ఎందుకంటే లోపల అవి రక్తంలా కనిపిస్తాయి. సాయంత్రం నుంచి, మళ్లీ పొద్దున, ఒక పొడిని రెండు లీటర్ల దాకా నీళ్లలో కలిపి తాగాలి. కష్టమంతా ఇక్కడే. రుచి బాగుండదు, పదీ పదిహేనుసార్లు పరిగెత్తాలి. చివరికి నీళ్లలాంటి లేత పసుపు ద్రవం వస్తే పేగు శుభ్రమైనట్టు. శుభ్రం కాకపోతే చిన్న పాలిప్‌లు మరుగున పడిపోతాయి కాబట్టి ఈ పని సగంలో వదలకూడదు. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి. రక్తం పలచబడే మందులు, షుగరు మందులు వాడుతుంటే ముందుగా చెప్పాలి. పరీక్ష అరగంట అటూ ఇటూ. మత్తు సూది ఇస్తారు కాబట్టి చాలామందికి జరిగిందే గుర్తుండదు. అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. మన ప్రాంతంలో పేగు క్షయ కూడా కణితిలాగే కనబడుతుంది కాబట్టి ఆ ముక్క మరీ అవసరం. పేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉంది, అది వెయ్యికి ఒకటి కంటే తక్కువ. హైదరాబాద్ ఇవాళ ఈ విద్యకు ప్రపంచం గుర్తించిన కేంద్రం. డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి విదేశాల వైద్యులు వచ్చి నేర్చుకుని వెళ్తుంటారు. ఉస్మానియా, గాంధీ, నిమ్స్, విశాఖ కేజీహెచ్ లాంటి ప్రభుత్వ సంస్థల్లోనూ ఈ విభాగం ఉంది. అలాంటి నగరానికి నాలుగైదు గంటల దూరంలో ఉన్న మనిషి రెండేళ్లు ఆయింట్‌మెంటు రాసుకుంటూ కూర్చోవడం నాకు మింగుడుపడదు.

పేగంతా చూడాలని ఎందుకంటున్నానంటే, అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రేగన్ ఉదంతం ఒకటి చెప్పుకోవాలి. ఆయనకు పేగు కింది భాగంలో చిన్న పాలిప్ కనబడింది. 1985 జూలై 12న దాన్ని తీయడానికి కొలనోస్కోపీ చేస్తూ వైద్యులు చివరిదాకా వెళ్లారు. పేగు మొదలయ్యే చోట పెద్ద కణితి ఉంది. మర్నాడే ఆపరేషన్ చేసి రెండడుగుల పేగు తీసేశారు. అందులో కాన్సర్ ఉందని బయాప్సీలో తేలింది, కానీ దూరం పాకలేదు. ఆయన 2004 దాకా, 93 ఏళ్లు బతికాడు. చిన్నదాన్ని తీసి అక్కడితో ఆగిపోయి ఉంటే కథ వేరుగా ఉండేది.

అసలు లక్షణాలేవీ లేనివారందరికీ పరీక్షలు చేయాలా? జపాన్‌లో 40 దాటినవారికి ఏటా మలపరీక్ష 1992 నుంచి జాతీయ కార్యక్రమం. అమెరికాలో 2021 నుంచి మొదలుపెట్టాల్సిన వయసును 50 నుంచి 45కి దించారు. అక్కడ స్థిరపడిన మనవాళ్లు ఇది తమకు కాదనుకోకూడదు. జపాన్ నుంచి అమెరికాకు వలస వెళ్లినవారిలో ఈ కాన్సర్ పెరిగి, అక్కడివారి స్థాయికి చేరిందని 1968లోనే పరిశోధకులు చూపించారు. రోగం తక్కువున్న దేశంలో పుట్టామన్న రక్షణ దేశం మారితే నిలవదు. భారత ప్రభుత్వ కార్యక్రమంలో మాత్రం నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్లకే సామూహిక పరీక్షలున్నాయి. పెద్దపేగు అందులో లేదు. రోగం తక్కువ, కొలనోస్కోపీ చేసేవారు తక్కువ కాబట్టి ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ దాని పర్యవసానం మనకు అర్థం కావాలి. ఆరోగ్యంగా ఉన్నవారిని పిలిచి చూసే ఏర్పాటు లేనిచోట, శరీరం ఇచ్చే మొదటి సూచనే పిలుపు. ఆ సూచన కనబడిన రోజుకూ లోపలికి చూసిన రోజుకూ మధ్య దూరం తగ్గించడమే మన చేతిలో ఉన్న పని. లక్షణం వచ్చిందంటే అంతా అయిపోయినట్టు కాదు. లక్షణాలతో వచ్చి, ఒకటి రెండు స్టేజీల్లో దొరికి, పూర్తిగా నయమైనవారు ఎందరో ఉన్నారు.

ఒక్క వర్గానికి మాత్రం లక్షణం కోసం ఎదురుచూడటమే తప్పు. 1895లో అమెరికాలోని యాన్ ఆర్బర్‌లో ఒక కుట్టుపని చేసే యువతి, ఆల్డ్రెడ్ వార్తిన్ అనే వైద్యుడితో తమ ఇంట్లో అందరూ పేగు కాన్సర్‌తోనో గర్భాశయ కాన్సర్‌తోనో పోతున్నారని, తానూ అలాగే చిన్నవయసులో పోతానని చెప్పింది. ఆమె అన్నట్టే గర్భాశయ కాన్సర్‌తో పోయింది. వార్తిన్ ఆ మాటను కొట్టిపారేయకుండా ఆమె వంశవృక్షం గీసి 1913లో ప్రచురించాడు. ఆ దారిలో నడిచిన హెన్రీ లించ్ పేరుతోనే ఇప్పుడు ఈ వంశపారంపర్య లోపాన్ని లించ్ సిండ్రోమ్ అంటున్నారు. డీఎన్ఏ తప్పులు దిద్దే జన్యువులే ఇందులో పుట్టుకతో చెడి ఉంటాయి. ఇలాంటి కుటుంబాల్లో 20–25 ఏళ్ల నుంచే, ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేస్తారు.

మన ఇళ్లలో జబ్బు పేరు బంధువుల నుంచి దాచడం ఎక్కువ. పిల్లల పెళ్లి సంబంధాలు చెడతాయని భయం. ఆ భయం అర్థం చేసుకోదగినదే, కానీ అన్నకు ఏమొచ్చిందో తెలియని తమ్ముడు తనకు పరీక్ష అవసరమని ఎలా తెలుసుకుంటాడు? కనీసం తోబుట్టువులకు, పిల్లలకు జబ్బు పేరూ, అది బయటపడిన వయసూ చెప్పాలి. లెక్క కష్టమైనదేమీ కాదు. తల్లికో తండ్రికో తోబుట్టువుకో 60 ఏళ్ల లోపు ఈ కాన్సర్ వచ్చి ఉంటే, వాళ్లకు బయటపడిన వయసులోంచి పదేళ్లు తీసేసిన వయసు, లేదా 40, ఈ రెంటిలో ఏది ముందొస్తే అప్పుడు మొదటి కొలనోస్కోపీ. తర్వాత అయిదేళ్లకోసారి. తండ్రికి 48వ ఏట బయటపడితే పిల్లలు 38కి చేయించుకోవాలి. 56వ ఏట అయితే 40కి. అంతకుముందే ఎప్పుడు రక్తం కనబడినా ఈ లెక్క పక్కనపెట్టి ఆ వారమే వైద్యుడిని కలవాలి.